పల్లెల్లో టూరిజం కట్టడాలకు పన్ను రాయితీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అరకు పక్కన ఇంట్లోనే రెండు గదులు సిద్ధం చేసి హోమ్‌స్టే నడుపుదామనుకునేవారు, దిండి వైపు కొబ్బరి తోటలో కాటేజీలు వేద్దామనుకునేవారు, రామప్ప దారిలో హోటల్ కడదామనుకునేవారు... అందరూ ముందు అడిగేది ఒకటే: “టూరిజానికి ట్యాక్స్ ఉండదంట కదా?” ఉంటుంది. కొందరికి తగ్గుతుంది, కొందరికి కొంత వెనక్కి వస్తుంది. చాలామంది చిన్నవాళ్లకు అసలు పడదు, కానీ అది టూరిజం వల్ల కాదు. ఎవరిది ఏ లెక్కో కింద చూడండి.

ఒక్క మాట. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దాంతో సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. పాత 44ఏడీ (చిన్న వ్యాపారాలకు అంచనా లాభం మీద పన్ను) ఇప్పుడు 58, పాత 35ఏడీ (హోటల్ లాంటివాటి పెట్టుబడి మీద మినహాయింపు) ఇప్పుడు 46. ఆడిటర్ల నోట ఇంకా పాత నంబర్లే వినిపిస్తాయి కాబట్టి ఇక్కడా అవే వాడాం.

టూరిజానికి ఇండస్ట్రీ హోదా ఇచ్చారు కదా, ఇక పన్ను లేనట్టేనా?

కాదు. ఆంధ్రప్రదేశ్ 2024–29 టూరిజం పాలసీలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. తెలంగాణ కూడా 2025–30కి తన పాలసీ తెచ్చింది. రాష్ట్రం ఏ హోదా ఇచ్చినా వదులుకోగలిగేది తన జేబులోకి వచ్చేదాన్నే: జీఎస్టీలో రాష్ట్ర వాటా, స్టాంపు డ్యూటీ, కరెంటు మీద వేసే డ్యూటీ, భూమి మార్పిడి ఫీజులు. వీటితోపాటు పెట్టుబడి మీద కొంత సబ్సిడీ. ఆదాయపు పన్ను కేంద్రానిది. అమరావతిలో ఇచ్చిన జీవోతో మీ ఐటీ రిటర్న్‌లో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

ఇంకో సంగతి. పాలసీలో రాసినవన్నీ అందరికీ వర్తించవు. పెట్టుబడి ఎంత, ఏ రకం ప్రాజెక్టు, ఎక్కడ కడుతున్నారు అన్నదాన్ని బట్టి తరగతులు ఉంటాయి. పేపర్లో “100 శాతం” అని హెడ్డింగ్ చూసి ఎస్టిమేట్ వేసుకోకండి. జీవోతోపాటు విడిగా వచ్చే ఆపరేషనల్ గైడ్‌లైన్స్ తెప్పించుకుని చదవండి. అసలు షరతులన్నీ అక్కడే ఉంటాయి.

ఎస్‌జీఎస్టీ రీయింబర్స్‌మెంట్ అంటే చేతికి ఎంత వస్తుంది?

అనుకున్నంత రాదు. ఎస్‌జీఎస్టీ అంటే జీఎస్టీలో రాష్ట్ర వాటా, దాన్ని వెనక్కివ్వడమే ఈ రీయింబర్స్‌మెంట్. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతమే. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. ఏడాదికి గదుల మీద కోటి రూపాయల వ్యాపారం జరిగిందనుకుందాం. పన్ను మొత్తం 5 లక్షలు, రాష్ట్ర వాటా రెండున్నర లక్షలు. రాష్ట్రం తన వాటా మొత్తం వెనక్కిచ్చినా మీకు దక్కేది ఆ రెండున్నర లక్షలే. అంతకుముందు 12 శాతం ఉన్నప్పుడు రాష్ట్ర వాటా 6 శాతం. రేటు తగ్గింది కస్టమర్‌కు మంచిదే గానీ, ఆ మేరకు ఈ రాయితీ కూడా చిక్కిపోయింది.

పైగా ఇది ముందు కట్టి తర్వాత అడిగి తీసుకునే డబ్బు. క్లెయిమ్ పెట్టాలి, పరిశీలన జరగాలి, బడ్జెట్ విడుదల కావాలి. మన దగ్గర పరిశ్రమలకు ఇవ్వాల్సిన ప్రోత్సాహకాలు ఏళ్ల తరబడి బకాయి పడ్డ చరిత్ర ఉంది. బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో మొదటి రెండేళ్ల ఆదాయంలో దీన్ని కలపకండి. వస్తే పండగ, రాకపోతే ఈఎంఐ ఆగకూడదు.

నాలుగైదు గదుల హోమ్‌స్టే నాది. ఆదాయపు పన్ను ఎంత పడుతుంది?

చాలావరకు సున్నా. ఎలాగో చూడండి.

44ఏడీ కింద, ఏడాదికి 2 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న వ్యక్తులు, ఉమ్మడి కుటుంబాలు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లు ఖర్చుల లెక్కలన్నీ చూపకుండా అంచనా లాభం మీద పన్ను కట్టొచ్చు. నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే ఈ పరిమితి 3 కోట్లు. యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బులో 6 శాతం, నగదుగా వచ్చినదాంట్లో 8 శాతం కనీస లాభంగా చూపాలి. ఏడాదికి 18 లక్షలు వచ్చి, అంతా ఫోన్‌పే మీదే వచ్చిందనుకోండి. చూపాల్సిన కనీస లాభం 1,08,000. కొత్త పన్ను విధానంలో 2025–26 ఆర్థిక సంవత్సరం నుంచి 12 లక్షల లోపు ఆదాయం ఉన్న రెసిడెంట్లకు రిబేటు వల్ల పన్ను పడదు. మీకు ఇతర ఆదాయం కొంత ఉన్నా ఇబ్బంది లేదు.

కాబట్టి చిన్న హోమ్‌స్టే యజమాని ఆదాయపు పన్ను రాయితీల కోసం వెతుక్కోనక్కర్లేదు. కట్టని పన్నులో రాయితీ ఎవరూ ఇవ్వలేరు. మీ డబ్బు నిజంగా మిగిలేది జీఎస్టీ పరిమితి దగ్గర, కరెంటు బిల్లు దగ్గర, గ్రాంటు రూపంలో వచ్చే సాయం దగ్గర.

రెండు జాగ్రత్తలు. 6 శాతం అన్నది కనీసం మాత్రమే. అసలు లాభం అంతకంటే ఎక్కువుంటే ఎక్కువే చూపాలి. రేపు రూముల మీద లోన్‌కి వెళ్తే బ్యాంకు మేనేజర్ మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు అడుగుతాడు. లక్ష రూపాయల ఆదాయం చూపిన మనిషికి 15 లక్షల లోన్ ఎవరిస్తారు? రెండోది, 44ఏడీలోకి వచ్చి మధ్యలో తక్కువ లాభం చూపి బయటికెళ్తే ఆ తర్వాత అయిదేళ్లు మళ్లీ రానివ్వరు.

ఒక మెలిక కూడా ఉంది. నివాస గృహాన్ని యజమాని అద్దెకిస్తే ఆ ఆదాయాన్ని వ్యాపారంగా చూపకూడదని, ఇంటి ఆదాయంగానే చూపాలని 2024లో చట్టం మార్చారు. భోజనం, పక్కలు, రోజూ శుభ్రం చేయడం, రిజిస్టర్‌లో ఎంట్రీ... ఇవన్నీ ఉంటే అది ఉత్త అద్దె కాదని గట్టిగా చెప్పొచ్చు. తాళం చేతికిచ్చి నెలకింత అని తీసుకుంటే మాత్రం వ్యాపారమని వాదించడం కష్టం. బిల్లు మీద ఏం రాస్తున్నారో అందుకే ముఖ్యం.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

సేవలకు పరిమితి ఏడాదికి 20 లక్షలు, రెండు రాష్ట్రాల్లోనూ అంతే. ఆరు గదులు, ఒక్కోటి 2,000 అద్దె అనుకుంటే, అన్నీ నిండిన రోజు 12,000 వస్తుంది. దాదాపు 166 రోజులు హౌస్‌ఫుల్ అయితే గానీ 20 లక్షలు కావు. లంబసింగిలో చలికాలం వారాంతాల మీద ఆధారపడ్డవాళ్లకు అది చాలా దూరం. అయితే భోజనాల డబ్బు కూడా ఇందులో కలుస్తుంది. అదే పాన్ మీద కిరాణా కొట్టు ఉంటే దాని అమ్మకాలు, షాపు అద్దెలు, జీఎస్టీ పడని అమ్మకాలు కూడా కలుస్తాయి. అక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు.

ఆన్‌లైన్ యాప్‌లలో పెడితే రిజిస్ట్రేషన్ తప్పదని కొందరు భయపెడతారు. గదుల విషయంలో అది నిజం కాదు. మీరు పరిమితి లోపు ఉండి రిజిస్టర్ కాకపోతే, ఆ బుకింగ్‌ల మీద జీఎస్టీ కట్టే బాధ్యత యాప్ కంపెనీదే. ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇచ్చి, ఆ యాప్ మీద ఏడాదికి 5 లక్షలు దాటకపోతే వ్యక్తులకు అదీ ఉండదు. కోసిన డబ్బు రిటర్న్ వేస్తే వెనక్కొస్తుంది, వేయకపోతే అక్కడే ఉంటుంది.

ఇక చిన్న వ్యాపారుల కోసం జీఎస్టీలో ఉన్న కాంపోజిషన్ స్కీమ్ గురించి. సేవలకు అందులో రేటు 6 శాతం, పైగా కస్టమర్ దగ్గర వసూలు చేయడానికి లేదు, చేతి నుంచి కట్టాలి. మామూలు రిజిస్ట్రేషన్‌లో గదికి 5 శాతమే, అదీ కస్టమర్ నుంచి తీసుకోవచ్చు. 7,500 లోపు గదులున్నవాళ్లకు ఆ స్కీమ్‌లో ఇప్పుడు లాభమేమీ కనిపించడం లేదు.

కట్టడానికి కొన్న సిమెంటు, టైల్స్ మీద జీఎస్టీ వెనక్కి తీసుకోవచ్చా?

లేదు. ఈ ప్రశ్నకు రెండు వైపులా తలుపులు మూసేశారు.

మొదటిది, 5 శాతం రేటుకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. కొన్నదాని మీద కట్టిన పన్ను మీ ఖర్చులోకే పోతుంది. రెండోది, 7,500 దాటిన గదులతో 18 శాతం కట్టే రిసార్టుకు రోజువారీ ఖర్చుల మీద క్రెడిట్ ఉన్నా, బిల్డింగ్ కట్టడానికి పెట్టినదాని మీద మాత్రం జీఎస్టీ చట్టంలోని 17(5) సెక్షన్ క్రెడిట్ ఆపేస్తుంది. 2024 అక్టోబర్‌లో సఫారీ రిట్రీట్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు, కట్టడం కూడా ‘ప్లాంట్’ కిందికి వచ్చి క్రెడిట్ దొరకొచ్చన్న ఆశ పుట్టింది. హోటళ్లవాళ్ల సంతోషం ఎంతో కాలం నిలవలేదు. 2025 ఫైనాన్స్ చట్టంలో ‘ప్లాంట్ లేదా మెషినరీ’ అన్న చోట ‘ప్లాంట్ మరియు మెషినరీ’ అని మార్చి, దాన్ని 2017 జూలై 1 నుంచే వర్తింపజేశారు.

ఊరట ఒకటే. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత ఎస్టిమేట్ పట్టుకుని తిరుగుతుంటే మేస్త్రీతో కొత్తది వేయించండి.

హోటల్ కడితే పెట్టుబడి మొత్తం మొదటి ఏడాదే తగ్గించుకోవచ్చని విన్నాను. నిజమేనా?

నిజమే, ఆ సెక్షన్ 35ఏడీ. 2010 ఏప్రిల్ 1 తర్వాత మొదలైన కొత్త హోటల్, దేశంలో ఎక్కడైనా సరే, రెండు స్టార్లు లేదా అంతకంటే పై గుర్తింపు ఉంటే, భూమి ధర పోను మిగతా పెట్టుబడి ఖర్చు నూటికి నూరు శాతం ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. మొదలుపెట్టకముందు పెట్టిన ఖర్చు కూడా, పుస్తకాల్లో పెట్టుబడిగా చూపితే, మొదలైన ఏడాదిలో వస్తుంది. వినడానికి ఇంతకన్నా మంచి రాయితీ లేదు. కానీ పల్లెలో కట్టేవాడికి ఇది అందే రాయితీ కాదని నా అభిప్రాయం.

స్టార్ గుర్తింపు కేంద్ర పర్యాటక శాఖ ఇస్తుంది. దానికి కనీసం పది గదులుండాలి. హోమ్‌స్టే అంటే అదే శాఖ లెక్కలో ఒకటి నుంచి ఆరు గదులు, పన్నెండు మంచాలు, యజమాని కుటుంబం అక్కడే ఉండాలి. అంటే హోమ్‌స్టే ఎంత బాగా నడిచినా 35ఏడీ దరిదాపులకు రాలేదు. టూరిజం పెరగాలనే చట్టం, పల్లెలో సహజంగా పుట్టే కట్టడాన్నే బయట పెట్టింది.

సరే, పన్నెండు గదులతో టూ స్టార్ కడుతున్నారనుకుందాం. భూమి కాకుండా 3 కోట్లు పెట్టారు. తరుగుదల (ఆస్తి అరిగినందుకు ఏటా ఖర్చుగా తీసేసుకునే మొత్తం) తీయకముందు మొదటి ఏడాది లాభం 30 లక్షలు. మామూలుగా హోటల్ బిల్డింగ్ మీద 10 శాతం తరుగుదల వస్తుంది, ఏడాదిలో 180 రోజులు వాడితే చాలు. 3 కోట్ల మీద 30 లక్షలు. లాభం అక్కడే సున్నా అయిపోయింది, 35ఏడీ ముట్టుకోకుండానే! 35ఏడీ తీసుకుంటే 2 కోట్ల 70 లక్షల నష్టం కాగితం మీద మిగులుతుంది. ఆ నష్టాన్ని ఎన్నేళ్లయినా ముందుకు తీసుకెళ్లొచ్చు గానీ, అదే తరహా వ్యాపారాల లాభంలోనే సర్దుకోవాలి. మీకున్న రైస్ మిల్లు లాభంలోనో, కాంట్రాక్టు ఆదాయంలోనో సర్దడానికి కుదరదు.

దాని వెంట వచ్చే షరతులు ఇవి. కొత్త పన్ను విధానంలో 35ఏడీ లేదు, పాత విధానంలో ఎక్కువ రేట్లు కడుతూ ఉండాలి. వ్యాపార ఆదాయం ఉన్నవారు పాత విధానం నుంచి ఒకసారి కొత్తదానికి వచ్చేస్తే మళ్లీ పాతదానికి పోలేరు. వ్యక్తులు, ఎల్‌ఎల్‌పీలకు ఏఎంటీ అనే కనీస పన్ను లెక్క వేరే ఉంది, అందులో 35ఏడీ మినహాయింపును మళ్లీ కలుపుతారు. ఆస్తిని ఎనిమిదేళ్లు ఆ వ్యాపారానికే వాడాలి. పట్నం నడిబొడ్డున ఇప్పటికే ఒక హోటల్ లాభాల్లో నడుస్తూ, రెండోది పల్లెలో కట్టేవారికి మాత్రం లెక్క వేరు. మొదటి హోటల్ కూడా ఈ తరగతిలోదే అయితే, కొత్తదాని నష్టం అక్కడ సర్దుకుంటుంది. వాళ్లు ఆడిటర్‌తో కూర్చుని రెండు విధాలా వేయించుకోవాల్సిందే.

రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. వారసత్వ ప్రాంతాల్లో హోటళ్లకు అయిదేళ్లు పన్ను ఉండదంటున్నారు?

అది 80-ఐడీ. యునెస్కో వారసత్వ కట్టడాలున్న నిర్ణీత జిల్లాల్లో రెండు నుంచి నాలుగు స్టార్ల హోటళ్లకు అయిదేళ్లు లాభం మీద పూర్తి మినహాయింపు ఇచ్చేది. కానీ 2008 ఏప్రిల్ 1 నుంచి 2013 మార్చి 31 మధ్య కట్టి నడపడం మొదలుపెట్టినవాటికే. రామప్పకు గుర్తింపు వచ్చింది 2021 జూలైలో. అప్పటికే ఎనిమిదేళ్ల కింద ఆ గడువు ముగిసింది.

అలాగే కొండ ప్రాంతాలు, గ్రామాలు, పుణ్యక్షేత్రాల్లోని హోటళ్లకు సగం లాభం మినహాయించే 80-ఐబీ కూడా ఒకప్పుడు ఉండేది. 2001 మార్చి లోపు మొదలైనవాటికి అది. పాత యూట్యూబ్ వీడియోల్లో ఇవి ఇంకా బతికే ఉన్నాయి, చట్టంలో లేవు.

మాది వ్యవసాయ భూమి. తోటలో కాటేజీలు వేస్తే అది వ్యవసాయ ఆదాయమే కదా?

కొబ్బరికాయలు అమ్మిన డబ్బు వ్యవసాయ ఆదాయం. అదే చెట్ల కింద మంచం వేసి టూరిస్టు దగ్గర తీసుకున్న డబ్బు కాదు. వ్యవసాయ భూమిలోని కట్టడాన్ని నివాసానికో, వ్యాపారానికో అద్దెకిస్తే ఆ ఆదాయం వ్యవసాయం కిందికి రాదని చట్టంలో సూటిగా ఉంది. టూరిస్టు స్వయంగా జామకాయ కోసుకున్నా, వరి నాట్లు వేసి ఫొటో దిగినా ఎంట్రీ ఫీజు ఎంట్రీ ఫీజే. తోట లెక్క, కాటేజీల లెక్క రెండు పుస్తకాల్లో రాయండి.

దీనికంటే పెద్ద సంగతి భూమిది. ఊళ్లోని వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. అది ‘క్యాపిటల్ అసెట్’ కాదు కాబట్టి. మున్సిపాలిటీకి దూరం చూస్తారు: జనాభా 10,000 దాటి లక్ష వరకు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల వరకు 6, ఆపైన 8. ఆ గీత అవతల ఉన్న పొలానికే ఈ వెసులుబాటు. రిసార్టు కోసం ఆ భూమిని వ్యవసాయేతరంగా మార్పించారా, ఆ రక్షణ పోయినట్టే. తర్వాత అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. అయిదెకరాల తోటలో ఎకరంలో కాటేజీలు వేస్తుంటే ఆ ఎకరాన్నే సర్వే చేయించి, సబ్ డివిజన్ చేయించి, అంతవరకే మార్పించండి. మార్పిడి ఫీజులో రాయితీ వస్తోందని మొత్తం అయిదెకరాలూ మార్పించేస్తే, ఆ రాయితీ కంటే రేపటి పన్ను చాలా ఎక్కువ.

ఏజెన్సీలో భూమి కొని రిసార్టు కట్టొచ్చా? గిరిజనులకు పన్ను మినహాయింపు ఉందంటారు, వాళ్ల పేరు మీద పెడితే?

అరకు, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి అన్నీ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ 1/70 చట్టం నడుస్తుంది. గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తనఖా, దానం అన్నీ. గిరిజనేతరుడి దగ్గర మరో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. “నోటరీ అగ్రిమెంట్ చేసుకుందాం సార్, ఏమీ కాదు” అనే బ్రోకర్‌కు అడ్వాన్స్ ఇచ్చారంటే ఆ డబ్బుకు నీళ్లొదులుకోవడమే.

ఇక పన్ను మినహాయింపు. సెక్షన్ 10(26) కింద ఎస్టీలకు ఆదాయపు పన్ను ఉండదన్నది ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్ణీత ప్రాంతాలకు, లద్దాఖ్‌కు మాత్రమే. మన రెండు రాష్ట్రాల గిరిజనులకు అది లేదు. అందరిలాగే స్లాబులు, అందరిలాగే రిబేటు. పెట్టుబడి ఒకరిది, పేరు గిరిజన కుటుంబానిది అయితే అది బినామీ. ఆస్తి జప్తు అవుతుంది, ఏడేళ్ల వరకు జైలు, మార్కెట్ విలువలో నాలుగో వంతు వరకు జరిమానా ఉండొచ్చు. పేరిచ్చిన అమాయకుడు కూడా కేసులో ఇరుక్కుంటాడు.

ఆ కుటుంబమే సొంతంగా నడుపుకుంటే దారులున్నాయి. గిరిజన గ్రామాల కోసం కేంద్రం తెచ్చిన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్‌లో దేశం మొత్తం మీద 1,000 గిరిజన హోమ్‌స్టేలు పెట్టాలని లక్ష్యం. కొత్త గదులు కట్టుకునే కుటుంబానికి 5 లక్షల వరకు, ఉన్నవి బాగు చేసుకుంటే 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షల వరకు సాయం. అప్పు కావాలంటే, హోమ్‌స్టేలకు ముద్ర లోన్లు ఇస్తామని 2025–26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. పన్ను కట్టే స్థాయిలోనే లేని ఇంటికి ఈ 5 లక్షల ముందు ఏ పన్ను రాయితీ నిలబడదు.

సబ్సిడీ వస్తే దాని మీద కూడా పన్నా?

ఏ రకం సబ్సిడీ అన్నదాన్ని బట్టి. బిల్డింగ్, మెషీన్లు కొనడానికని ఇచ్చిన పెట్టుబడి సబ్సిడీని ఆదాయంలో కలపరు. కానీ ఆ మేరకు ఆస్తి ఖరీదు తగ్గించి చూపాలి. 50 లక్షల కట్టడానికి 10 లక్షలు సబ్సిడీ వస్తే తరుగుదల 40 లక్షల మీదే. ఎస్‌జీఎస్టీ రీయింబర్స్‌మెంట్, కరెంటు బిల్లు రాయితీ లాంటివి మాత్రం నేరుగా ఆదాయమే.

బిల్లులు లేకుండా కట్టించాం. ఇప్పుడేం చేయాలి?

పల్లెల్లో కట్టడాల ఫైల్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. క్యాలెండర్ కాగితం వెనక “కంకర 3 లోడ్లు, ఇసుక 5 ట్రాక్టర్లు, మేస్త్రీకి శనివారం 22,000” అని పెన్సిల్‌తో రాతలు. ఆ 22,000 నగదుగా ఇచ్చారు కాబట్టి తరుగుదల లెక్కలోకి రాదు. ఒక రోజులో ఒక్కరికి 10,000 దాటి నగదుగా ఇచ్చిన మొత్తం ఆస్తి ఖరీదులో కలవదు. 35ఏడీకి కూడా ఇదే నిబంధన.

అయిపోయిన దానికి చేయగలిగింది తక్కువ. పాత తేదీలతో బిల్లులు పుట్టించమని అడిగేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. జీఎస్టీ పోర్టల్‌లో షాపువాడి అమ్మకం కనపడకపోతే మీ బిల్లే మీకు సాక్ష్యంగా ఎదురు తిరుగుతుంది. ఇక నుంచి జరిగేదైనా మేస్త్రీకి, కార్పెంటర్‌కు ఫోన్‌పేలో పంపండి. వాళ్లు “నాకు అకౌంట్లో వద్దు సార్” అంటారు. చెల్లింపు అలాగే ఉంటుందని పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి.

వెదురు గుడిసెలు, టెంట్లు వేస్తే?

కొయ్యతో వేసే తాత్కాలిక కట్టడాల లాంటివాటికి తరుగుదల 40 శాతం. పక్కా బిల్డింగుకు పదే. సీజన్ కోసం నిలబెట్టి తీసేసే వెదురు గుడిసెలకు ఇది బాగా పనికొస్తుంది. కింద కాంక్రీటు బేస్‌మెంట్ పోసి, అటాచ్డ్ బాత్రూమ్ కట్టి, పైన మాత్రం తడిక అల్లితే అది తాత్కాలికం అని ఒప్పించడం కష్టం. సోలార్ ప్యానెళ్లకు కూడా 40 శాతమే. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో ఎలాగూ పెట్టుకుంటారు.

ఊళ్లోవాళ్లకు ఉద్యోగాలిస్తే ఏమైనా తగ్గుతుందా?

80జేజేఏఏ కింద కొత్తగా చేర్చుకున్నవారి జీతాల్లో 30 శాతం అదనంగా మూడేళ్లు తీసేసుకోవచ్చు. కొత్త పన్ను విధానంలోనూ ఉంది. నెల జీతం 25,000 లోపు ఉండాలి, ఏడాదిలో 240 రోజులు పని చేయాలి, పీఎఫ్‌లో ఉండాలి, మీ వ్యాపారం ఆడిట్ పరిధిలో ఉండాలి. సీజన్‌లో నాలుగు నెలలు పెట్టుకునే కుర్రాళ్లకు వర్తించదు. అంటే చాలా కొండ ప్రాంత రిసార్టులకు వర్తించదనే.

కరెంటు బిల్లు డొమెస్టిక్‌లోనే ఉంచుకోవచ్చా?

“హోమ్‌స్టే అంటే ఇల్లే కదా” అని ఎవరో చెప్పారని ఉంచకండి. డిస్కం తనిఖీలో పట్టుబడితే వెనకటి తేడా మొత్తం వేస్తారు. మీ కేటగిరీకి డొమెస్టిక్ రేటు వర్తిస్తుందని రాతపూర్వకంగా ఆర్డరు చేతిలో ఉంటేనే ఆ రేటు మీది.

అమెరికాలో ఉంటున్నాం. మా ఊళ్లో రిసార్టు పెట్టాలనుకుంటున్నాం.

ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐలు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవారు) ఇక్కడ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. విదేశీ మారక చట్టం ఫెమా కింద నిబంధన అది. నాన్న నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. పన్ను వైపు చూస్తే, పైన చెప్పిన 44ఏడీ రెసిడెంట్లకే, 12 లక్షల రిబేటు కూడా రెసిడెంట్లకే. కాబట్టి ఊళ్లో తమ్ముడికి సున్నా పడే చోట మీకు స్లాబుల ప్రకారం పడుతుంది.

“మరి తమ్ముడి పేరు మీద పెడితే?” తమ్ముడికి పంపిన డబ్బు గిఫ్ట్ అయితే అతనికి పన్ను లేదు, దాని మీద వచ్చే ఆదాయం అతనిదే, మీకు కలపరు. కానీ అప్పుడు రిసార్టు కూడా అతనిదే అవుతుంది, నిజంగానే. భార్య పేరు మీద పెడితే మాత్రం ఆ డబ్బు మీద వచ్చే ఆదాయం భర్త లెక్కలో కలుస్తుంది. ఏది ఇచ్చినా గిఫ్టా, అప్పా, వాటానా అన్నది పంపే రోజే కాగితం మీద పెట్టండి. కాటేజీలు బాగా నడవడం మొదలయ్యాక అన్నదమ్ముల మధ్య ఆ మాట తేల్చుకోవడం కష్టం.

వేరే దేశాల్లో పల్లె టూరిజానికి ఇంతకంటే మంచి రాయితీలు ఉన్నాయా?

తీరు వేరు. పోలండ్‌లో రైతు తన ఇంట్లో అయిదు గదుల వరకు టూరిస్టులకు ఇచ్చుకుంటే ఆ అద్దెకు ఆదాయపు పన్నే లేదు. ఇటలీలో రైతులు నడిపే అగ్రిటూరిజ్మోలకు వచ్చిన డబ్బులో 25 శాతాన్ని లాభంగా లెక్కగట్టే పద్ధతి ఉంది. ఆ లెక్కన మన 44ఏడీలో 6 శాతం ఇంకా ఉదారమైనదే. తేడా ఎక్కడంటే, వాళ్లు రైతును ఉద్దేశించి నిబంధన రాశారు, కాబట్టి రైతు తనకేది వర్తిస్తుందో ఒక్క చోట చదువుకోగలడు. మన దగ్గర సాయం తక్కువేమీ లేదు, అది పది చట్టాల్లో, నాలుగు శాఖల్లో పడి ఉంది.

కట్టడం సగం అయిపోయింది. ఇప్పుడు పాలసీ రాయితీకి అప్లై చేయొచ్చా?

ఇలాంటి రాయితీల్లో పాలసీ అమల్లోకి వచ్చిన తేదీ, మీరు వ్యాపారం మొదలుపెట్టిన తేదీ, అప్లికేషన్ పెట్టిన తేదీ ఈ మూడే కీలకం. కాటేజీలు తెరిచాక వెళ్తే “ముందే రావాల్సింది” అంటారు. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో ఒక్క పూటలో అయిపోతుంది, అది ఇవాళే చేయించండి. తర్వాత జిల్లా పర్యాటక అధికారి ఆఫీసుకు ప్లాన్ అప్రూవల్, భూమి కాగితాలు, ఇప్పటిదాకా పెట్టిన ఖర్చుల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. అప్లికేషన్ ఇచ్చాక రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోకుండా బయటికి రాకండి.